వాన మీద నెపం

మే నెల మూడో వారంలో, తారు కరిగి చెప్పుకు అంటుకునే ఎండలో, కారు డిక్కీలో నలభై రెయిన్‌కోట్లు వేసుకుని ఖమ్మం వైపు బయల్దేరిన మనిషిని మీరు చూసి ఉండరు. అది నేనే. పిచ్చివాణ్ణి కాను. హైదరాబాదులో ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజర్ని.

మా కంపెనీ అడవి గూడేల్లో సోలార్ పంపుతో నడిచే మంచినీళ్ళ ట్యాంకులు కట్టిస్తుంది. నేను మాత్రం ఇటుక ముట్టుకోను. ఎవరు ఏ రోజు ముట్టుకోవాలో పట్టిక వేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఆ పని మీదే తెనాలిలో మా అమ్మానాన్నలకు పరువు తెచ్చాను. పోయినేడు కంపెనీ ఒక సిస్టమ్ కొనుక్కొచ్చింది. పట్టిక అదే వేస్తుంది. మీటింగులో ఎవరేమన్నారో అదే రాస్తుంది. ఎవరు వెనకబడ్డారో అదే చెబుతుంది. అన్నీ అయ్యాక "ఇంకేమైనా సాయం కావాలా" అని కూడా అడుగుతుంది. ఈ చివరి ముక్క ఇరవై రెండేళ్ళలో నేను ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

మరి ఇక నువ్వెందుకయ్యా అని కంపెనీలో ఎవరూ మొహం మీద అనలేదు. దానికి బదులు వచ్చే నెల సదస్సులో "ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ భవిష్యత్తు, దానికి కావలసిన నైపుణ్యాలు" అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. తన దినానికి తానే వంటవాణ్ణి మాట్లాడుకున్నట్టు, నేను సరేనన్నాను.

ఇంతలో సిస్టమ్ ఒక సిఫారసు పంపింది. బూర్గంపాడు వైపు పద్నాలుగు గూడేల పని చూసే ఫీల్డ్ కోఆర్డినేటర్ రూతమ్మను తీసేసి వేరే మనిషిని పెట్టాలట. పదమూడు ట్యాంకులు పూర్తయ్యాయి కానీ అన్నీ ఆలస్యమే. "వర్షం పడే రోజుల్లో పని పెట్టుకునే అలవాటు ఉంది" అని కారణం కూడా చూపించింది. ఆమెను ఉంచాలా, మార్చాలా అన్నది శుక్రవారం సాయంత్రం అయిదు లోపల నేను తేల్చాలి. స్వయంగా చూసి తేలుస్తానన్నాను. నిజం చెప్పాలంటే సదస్సులో చెప్పుకోవడానికి నాలుగు కబుర్లు దొరుకుతాయని ఆశ. ఎలాగూ వెళ్తున్నారుగా అని స్టోరువాళ్ళు రెయిన్‌కోట్లు ఎక్కించారు. అక్కడ ఎండాకాలమంతా వానలేనని లెక్కగట్టి, సిస్టమే వాటికి ఆర్డరు పెట్టింది.

ఖమ్మం

బుధవారం సాయంత్రానికి ఖమ్మం చేరాను. నేను దిగిన లాడ్జి పక్కనే ఫంక్షన్ హాలు, దాని వెనక ఖాళీ జాగాలో పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిసాలు ఎక్కాయి. వాసన పట్టుకుని వెళ్తే ఖాజా భాయ్ కనిపించాడు. ఆ ఊళ్ళో మూడు తరాలుగా దావత్‌లకు వండే ఇల్లు వాళ్ళది. తెల్లగడ్డం, భుజాన తువ్వాలు, చేతిలో నా అంత పొడుగు గరిటె.

"ఎంతమందికి భాయ్?" అన్నాను.

"కార్డుల లెక్కకైతే అయిదొందలు సాబ్. నేను ఏడొందలకు పెడుతున్న."

ఎలా తెలుసన్నాను, వృత్తిరీత్యా.

"పిల్ల తండ్రి గడపగడపకు తానే పోయి పిలిచిండు. తానొచ్చి పిలిస్తే ఇల్లిల్లంత కదిలొస్తది. వాట్సాప్‌ల కార్డు పంపితే ఒక్కడొస్తడు, ఆడు గూడ జల్దీ తిని పోతడు."

ఈ ముక్క వెంటనే నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకుంటున్నవాణ్ణి చూసి ఆయనకు జాలేసినట్టుంది, పళ్ళెం నిండా బిర్యానీ పెట్టించాడు. డబ్బు తీయబోతే "దావత్ అన్నం అమ్ముతరా సాబ్?" అని కోప్పడ్డాడు. మా తెనాలిలో పిలవని పెళ్ళికి వెళ్తే వడ్డించేవాడి దగ్గర్నుంచి వియ్యపురాలి దాకా మన వైపు ఒక చూపు చూస్తారు. ఇక్కడ తినకపోతే చూస్తారు.

వైరా

గురువారం పొద్దున వైరా రిజర్వాయరు పక్కన ఆగాను. రేకుల పందిరి కింద ఒకావిడ చేపలు వేయిస్తోంది. ప్లేటు నూట ఇరవై. ముందే వేయించి పెట్టుకోవచ్చుగా, టైము కలిసొస్తుంది అని ఉచిత సలహా ఇచ్చాను.

"నువ్వు కూసున్నంకనే ఏస్తా అయ్యా. నువ్వొస్తవని చేపకేమెరుక?" అంది.

నా వృత్తి మొత్తం ఆ చేపకు ముందే ఎరుక చేయడం మీద నిలబడి ఉంది, కాబట్టి ప్లేటు ఒకటి చెప్పి కూర్చున్నాను. వేపుడులో కారం మాత్రం గుంటూరువాళ్ళు కూడా లేచి నిలబడాల్సినంత ఉంది. నీళ్ళ సీసా కోసం పరుగెత్తి డిక్కీ తెరిస్తే, లోపలున్నవి ఆవిడ కంటబడ్డాయి.

"ఎండల వానకోట్లు అమ్మనీకి పోతున్నవా? మంచిగ బతుకుతవ్ తీ."

అమ్మడానికి కాదు, పంచడానికి అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా ఇంకో చేప ముక్క ఊరికే వేసింది.

దమ్మపేట

దమ్మపేట దగ్గర రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ తోటలు. వరసలు ఎంత తిన్నగా ఉన్నాయంటే, నా పట్టిక ఒకటి నేల మీద మొలిచినట్టు అనిపించి గర్వపడ్డాను. ఆ గర్వంలో ఉండగానే టైరు పంక్చరయింది.

పంక్చరు షాపతను ట్యూబు నీళ్ళలో ముంచుతుంటే పడమటి వైపు నల్లబడింది. చూస్తుండగానే గాలి, ఆ వెనకే వాన. ఎంత వాన అంటే షాపు రేకు లేచి పక్క తోటలో పడింది. గెలలు నరికే కూలీలు ఆరుగురు పరుగెత్తుకొచ్చి మా మధ్య దూరారు. నేను డిక్కీ తెరిచి తలా ఒక రెయిన్‌కోటు ఇచ్చాను. పంక్చరతను కొత్త కోటు వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ నన్నే చూశాడు.

"గాలివాన సార్ ఇది. మాకే తెల్వదు వస్తదని. మీ కంపెనీకి ముందే ఎట్ల తెలిసింది?"

"మావాళ్ళు చాలా తెలివైనవాళ్ళు" అన్నాను.

అదే నిమిషంలో ఫోను మోగింది. "మీరున్న చోట వర్షం. మా అంచనా సరైనదే. రెయిన్‌కోట్లు ఉపయోగపడ్డాయా?" సిస్టమ్! అవునని నొక్కాను. చీకట్లో వేసిన రాయి తగిలినట్టు అది ఆ ఒక్కసారికి నిజం చెప్పింది, కాదనడానికి నాకు నోరు రాలేదు. అరగంటకల్లా ఎండ మళ్ళీ వచ్చేసింది.

బూర్గంపాడు

ఆ రాత్రి సారపాకలో పడుకుని, శుక్రవారం పొద్దున్నే బూర్గంపాడులో రూతమ్మ ఇంటికి వెళ్ళాను. నలభై దాటిన మనిషి, గట్టి చేతులు, మాట మెత్తన. ఉప్మా పెట్టి, టీ ఇచ్చి, నేను తినేదాకా పని మాట ఎత్తలేదు. గోడకు చర్చివాళ్ళ క్యాలెండరు ఉంది. ఈస్టర్, గుడ్ ఫ్రైడే అచ్చులో ఉన్నాయి. మిగతా గళ్ళ నిండా ఎర్ర పెన్నుతో ఆమె రాత. ఏ గూడెంలో ఏ రోజు పండగ, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఏ పని అయినా ముందుగా ఎవరికి చెప్పాలి. చర్చికి పోయే మనిషి ఇంట్లో పద్నాలుగు కోయగూడేల పండగలు అలా గోడెక్కి కూర్చున్నాయి.

నేను అసలు విషయానికి వచ్చాను. "ఏప్రిల్‌లో, మేలో పని ఆగిన ప్రతిసారీ వర్షం అని పెట్టావేమిటమ్మా? ఇక్కడ వానెక్కడిది?"

"వాన లేదు సార్, భూమి పండగ" అంది. "ఇత్తనాలకు ముందు చేస్తరు. అది అయ్యేదాంక మన్నుల గడ్డపార దించనియ్యరు. ఒక్కో గూడెం ఒక్కో దినం చేస్తది. పెద్దోళ్ళు కూసొని అనుకున్నంకనే మనకు తెలుస్తది."

"అదే రాయొచ్చుగా?"

"లిస్టుల లేదు గద సార్."

నిజమే. పని ఎందుకు ఆగిందో చెప్పడానికి సిస్టమ్ ఆరు కారణాలు ఇస్తుంది: వర్షం, సామాను రాలేదు, కూలీలు రాలేదు, బండి చెడింది, అనుమతి రాలేదు, ఇతరం. ఇతరం అని నొక్కితే ఇంగ్లీషులో రెండొందల మాటల వివరణ రాయాలి. ఆ జాబితా తయారుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రూతమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "సామాను రాలేదని పెడితే షాపాయనకు మాటొస్తది. కూలోళ్ళు రాలేదంటే పాపం ఆళ్ళ మీద పడ్తది. బండి అంటే డ్రైవర్ నౌకరి పోతది. పర్మిషన్ అంటే ఆఫీసులోళ్ళకు కోపమొస్తది. వాన మీద పెడితే ఎవ్వరికి కోపం రాదు సార్."

నేను నవ్వాను. ఎవరి మీదా మాట పడకుండా ఆమె వాన మీద నెపం పెట్టింది. సిస్టమ్ వానను నమ్మి, తప్పు ఆమె మీదికి తిప్పింది. అబద్ధం ఆడింది ఆమే, కానీ ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళో చెప్పడానికి సదస్సు అక్కర్లేదు.

"సార్, నన్ను తీసేస్తరా?" అని అడిగింది. ఊరికే చూసిపోదామని వచ్చానని నేను చెప్పిన మాట ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదన్నమాట. "ఈ కొలువు మీదనే మా బిడ్డ ఖమ్మంల నర్సింగ్ చదువుతున్నది. ఆళ్ళ నాయన లేడు. నేను చేసుకుంటెనే ఉన్నది."

"అలాంటిదేం లేదమ్మా. నేనున్నానుగా" అన్నాను.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఫోను తీశాను, సిగ్నల్ నిండుగా ఉంది. ఉంచాలి, మార్చాలి అని రెండు మీటలు. కింద కారణం రాయడానికి ఒక పెట్టె. ఒక్క వాక్యం చాలు. కానీ నాకు నాలుగు పేరాలు రాయాలనిపించింది. భూమి పండగ, క్యాలెండరు, వాన మీద నెపం, అన్నీ కలిపి అందంగా రాస్తే అదే సదస్సులోనూ చదవొచ్చు. గూడెం కూడా చూసొచ్చి తీరిగ్గా రాద్దామని ఫోను జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండుకల్లా తిరిగొస్తాం అనుకున్నాను, ఆ లెక్క వేసింది కూడా నేనే.

గూడెం

పద్నాలుగో గూడెం పేరు రాయను. రాస్తే మావాళ్ళు తెర మీద వెతుకుతారు. రూతమ్మ స్కూటీ వెనక కూర్చుని బయల్దేరాను. తారు రోడ్డు అయిపోయి అడవి మొదలయ్యే మూల మీద ఆమె బండి ఆపింది.

"ఈ మూల దాటితే సిగ్నల్ ఉండదు సార్. ఏమన్న ఫోన్లుంటే చేస్కోండ్రి."

"ఏం లేవు, పద" అన్నాను.

పదింటికి మీటింగు అని సిస్టమ్ పట్టికలో ఉంది. పదింటికి గూడెంలో కోళ్ళు తప్ప ఎవరూ లేరు. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తెల్లవారకముందే అందరూ అడవిలోకి పోయి ఆకు కోసి, పన్నెండు దాటాక మూటలతో వచ్చారు. వచ్చి నీడలో కూర్చుని కట్టలు కట్టడం మొదలుపెట్టారు. కట్టకు యాభై ఆకులు. రూతమ్మ పలకరింపులేమీ లేకుండా ఒక మూట ముందు కూర్చుని తనూ కట్టసాగింది, కోయలో ఏదో మాట్లాడుతూ. నన్ను కూడా కూర్చోమంది. నేను కట్టిన మొదటి కట్టను పక్కనున్న ముసలమ్మ చేతిలోకి తీసుకుని, విప్పి, మూడు ఆకులు కలిపి మళ్ళీ కట్టింది. రెండోది కూడా విప్పింది. మూడోదానికి నాకు ఆకులు ఇవ్వనేలేదు.

చిక్కటి అంబలి పోశారు, దొన్నెలో. మా వైపు చుట్టం వస్తే ముందు కాఫీ, ఆ వెంటనే ఏం పని మీద వచ్చారు అని ఆరా. ఇక్కడ ఏం పని మీద వచ్చానో రెండున్నర దాకా ఎవరూ అడగలేదు. నాకే ఆగక, ఫోనులో దాచుకున్న పటం తీసి గూడెం పెద్ద లచ్చయ్యకు చూపించాను. ఉపగ్రహం చూసి సిస్టమ్ ఎంచిన చోటు, గూడెం నడిమధ్య చదునైన జాగా.

లచ్చయ్య పటం చూశాడు, జాగా చూశాడు, నన్ను చూశాడు. "చూద్దాం సార్" అన్నాడు.

నేను రూతమ్మ చెవిలో అన్నాను: "ఒప్పుకున్నాడుగా. వెళ్దామా?"

"ఒప్పుకోలే సార్. కాదని మొకం మీద అనరు, మీరు చుట్టం. గాడ ఆళ్ళు పండగ చేస్కుంటరు. జాగ ఆయనే చూపెడ్తడు, జర ఆగుండ్రి."

"ఎంతసేపు?"

"ఆయనకెంతసేపైతే గంతసేపు."

ఆగాం. ఎద్దు కాలికి దెబ్బ తగిలిన సంగతి, ఎవరి పెళ్ళికో వచ్చిన గొడవ, ఈ ఏడు ఆకు పలచగా ఉందన్న సంగతి, అన్నీ వచ్చాయి, ట్యాంకు మాట తప్ప. నేను మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాను. నాలుగోసారి లేవాలనిపించలేదు. సాయంత్రం నీడలు పొడుగయ్యాక లచ్చయ్య ఉన్నట్టుండి లేచాడు. ఒక రాయి తీసుకుని, ఇళ్ళ వెనక మెరక మీదున్న ఇప్పచెట్టు పక్కకు నడిచి, అక్కడ పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని ఇళ్ళ నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇళ్ళకు నడిచి చూసి, నవ్వారు. అంతే, అయిపోయింది. ఎవరూ సంతకం పెట్టలేదు.

"పొద్దుగాల మనుషుల్ని తీస్కొస్త" అని రూతమ్మ చెప్పింది. లచ్చయ్య తలూపాడు. పండగ మొన్ననే అయింది కాబట్టి తవ్వుకోవచ్చు.

నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్ళలో ఒక నిర్ణయం పుట్టడం కళ్ళారా చూడటం అదే మొదలు. పదమూడు ట్యాంకులు ఆలస్యమైనా ఒక్కటీ ఎందుకు మూలపడలేదో అప్పుడు అర్థమైంది. నోట్‌బుక్కు తీసి "భవిష్యత్తుకు కావలసిన నైపుణ్యం: ఆగడం" అని రాసి కింద రెండు గీతలు గీశాను. టైము కూడా వేద్దామని వాచీ చూశాను. అయిదుంబావు. అలాగే వేశాను. ఆ అంకె చూసి కూడా నాకేమీ గుర్తుకు రాలేదు.

అడవి మూల

సిగ్నల్ ఉండదన్న మూలకు వచ్చేసరికి మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. రూతమ్మ బండి ఆపింది.

నాకు వచ్చింది ఇది: "గడువులోగా మీ జవాబు రానందున సిఫారసును ఆమోదించినట్టు భావించాము. సహకరించినందుకు ధన్యవాదాలు."

ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. "ఏందో ఇంగ్లీషుల వచ్చింది సార్. చదివి చెప్పుండ్రి."

చదివాను. మీ సేవలు ఈ రోజుతో ముగిశాయి, మీ భవిష్యత్తు బాగుండాలి, ఇత్యాది. ఇలాంటి వాక్యాలు నేనే ఎన్నో రాశాను, మెత్తగా ఉండేలా. ఒకరి మొహం చూస్తూ చదవాల్సి రావడం మాత్రం మొదటిసారి. నాకు వచ్చింది కూడా చదివి వినిపించాను.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆ మూల మీదే నిలబడి పైవాళ్ళకు ఫోన్లు చేశాను. శుక్రవారం సాయంత్రం, ఎవరూ ఎత్తలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ఊరొచ్చాక తప్పు నాదని ఒప్పుకుంటూ మూడు ఉత్తరాలు రాశాను. నా నిజాయితీ మెచ్చదగినదని ఒక జవాబు వచ్చింది. సదస్సుకు నేను వెళ్ళలేదు. రూతమ్మ ఉద్యోగం ఇది రాసేనాటికి తిరిగి రాలేదు. ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికయ్యేది. హ్యాండిల్ వదలకుండానే అడిగింది.

"పొద్దుగాల టీ తాగేటప్పుడు మీకు తెలుసా సార్, జవాబుకు ఇయ్యాలనే ఆఖరని?"

"తెలుసమ్మా."

"అవ్" అంది, అంతే. ఈ తప్పు ఏ వాన మీదా పెట్టుకోవడానికి లేదు.

మళ్ళీ తనే అంది: "మనుషుల్ని తీస్కొస్తనని లచ్చయ్యకు మాటిచ్చిన గద. రేపు ఎవరు పోతరు సార్?"

"నేను వెళ్తాను" అన్నాను, తొందరగా.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. వెటకారమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆడ మీకు ఎవరు తెలుసు సార్?"

తెల్లారి ఆమే వెళ్ళింది. నేను వెనక కూర్చున్నాను.